మారిషస్ దీవిలో జననాల కథ

యానాంకు దగ్గరలో, గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరంగి అనే ఊరు ఉంది. ఈనాడు అక్కడ మడ అడవులూ చేపల పడవలూ కనిపిస్తాయి. నూట ఎనభై సంవత్సరాల కిందట మాత్రం అది పేరుపొందిన ఓడరేవు. కోరంగి నుంచి, విశాఖపట్నం నుంచి, గంజాం నుంచి, మద్రాసు నుంచి ఎందరో తెలుగువారు ఓడలెక్కి మారిషస్ దీవికి వెళ్ళారు. చెరకుతోటల్లో కూలిపనికి ఒప్పందం మీద వెళ్ళినవారు వారు. గడువు తీరిన తరువాత కొందరు తిరిగి వచ్చారు, చాలామంది అక్కడే ఉండిపోయారు. వారి సంతతివారు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, రామభజనలు చేస్తారు. ఉగాది రోజున ఆ దేశంలో సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దీవిలోనే.

మారిషస్ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పుగా దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో ఉంది. వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. మన దేశంలో చాలా జిల్లాలు అంతకంటే పెద్దవిగానే ఉంటాయి. ఇంత చిన్న దీవి పేరు ప్రపంచమంతటా జనాభాను గురించి చదువుకునేవారికి తెలుసు. దానికి కారణం ఉంది. చుట్టూ సముద్రమే సరిహద్దు కావడం వల్ల అక్కడికి వచ్చేవారి లెక్క, పోయేవారి లెక్క తేలికగా తేలుతుంది. పుట్టినవారినీ చనిపోయినవారినీ పుస్తకాల్లో నమోదు చేసే అలవాటు అక్కడ చాలాకాలం నుంచి ఉంది. అందుచేత పెద్ద దేశాల్లో గుంపులో కలిసిపోయే మార్పులు ఆ దీవిలో తేటగా కనిపిస్తాయి.

ఆ మార్పులు తెలుసుకోవాలంటే రెండు మాటల అర్థం ముందుగా తెలియాలి. ఒక సంవత్సరంలో ప్రతి వెయ్యిమంది జనాభాకు పుట్టిన శిశువుల సంఖ్యను జననాల రేటు అంటారు. ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున కనే బిడ్డల సంఖ్య సంతానోత్పత్తి రేటు. ఈ రెండూ ఒకటి కావు. ఒక ఊరిలో పడుచు జంటలు ఎక్కువగా ఉన్నాయనుకుందాం. ఇంటికి ఇద్దరు బిడ్డలే అయినా ఆ ఊరిలో ఏటా చాలా ఊయలలు ఊగుతాయి. ముసలివారు ఎక్కువగా ఉన్న ఊరిలో, ఒక్కొక్కరు ఒకప్పుడు ఆరుగురిని కన్నవారే అయినా, ఈ సంవత్సరం పుట్టే శిశువులు కొద్దిమందే. ఈ తేడాను మరచిపోతే మారిషస్ కథలో సగం అర్థం కాదు.

పదహారవ శతాబ్దం చివరిదాకా ఆ దీవిలో మనుషులు స్థిరపడి ఉండలేదు. 1598లో డచ్చివారు అక్కడ దిగారు. తరువాత ఫ్రెంచివారు, 1810 నుంచి బ్రిటిష్‌వారు పాలించారు. ఫ్రెంచివారి కాలంలో ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చి పని చేయించుకున్నారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల్లో పనిచేయడానికి మనుషులు కావలసి వచ్చి తోట యజమానులు భారతదేశం వైపు చూశారు. 1834 మొదలు ఇరవయ్యో శతాబ్దం ఆరంభం వరకు దాదాపు నాలుగున్నర లక్షలమంది కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారు మొదట అడుగుపెట్టిన రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అని పిలిచే ఆ చోటును 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ రోజుల్లో దీవి జనాభా పెరిగింది ఊయలల వల్ల కాదు, ఓడల వల్ల. వచ్చినవారిలో మగవారే ఎక్కువ, ఆడవారు బహు కొద్దిమంది. కుటుంబాలు ఏర్పడడానికి చాలాకాలం పట్టింది. ఏర్పడిన కుటుంబాలను రోగాలు వదలలేదు. 1860ల నడుమ దీవిలోకి మలేరియా ప్రవేశించింది. అంతకుముందు ఆ జ్వరం అక్కడ లేదు. 1867లో ఒక్క సంవత్సరంలోనే వేలాదిమంది చనిపోయారు. పోర్ట్ లూయీలోని కలిగినవారు చల్లని మెట్టప్రాంతాలకు ఇళ్ళు మార్చుకున్నారు. చెరకుతోటల శిబిరాల్లో ఉండే కూలీలకు పోవడానికి ఎక్కడా చోటు లేదు.

ఆ తరువాత ఎనభై ఏళ్ళు దీవి స్థితి ఇంచుమించు అలాగే సాగింది. 1901 జనాభా లెక్కల ప్రకారం దీవిలో 3 లక్షల 71 వేలమంది ఉన్నారు. 1944లో 4 లక్షల 19 వేలు. అంటే నలభై మూడేళ్ళలో పెరిగినది 48 వేలు మాత్రమే. తల్లులు బిడ్డలను కనకపోవడం వల్ల కాదు. పురిటింటి దీపం ఆరకముందే చాలామంది శిశువులు కన్నుమూసేవారు. 1940ల నడుమ పుట్టిన ప్రతి ఏడుగురిలో సుమారు ఒకరు మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. మిగిలినవారిలోనూ కొందరిని జ్వరం తీసుకుపోయేది. ఆరుగురిని కంటే ముగ్గురో నలుగురో దక్కుతారన్నది ఆనాటి తల్లులకు ఎవరూ నేర్పని లెక్క. ఎక్కువమందిని కనడం వారి తెలివితక్కువతనం అని తరువాతివారు కొందరు రాశారు. అది సరైన మాట కాదు. చావు ముందు నిలబడి వేసుకున్న లెక్క అది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు డి.డి.టి. అనే దోమల మందు వచ్చింది. 1949లో మొదలుపెట్టి ఇంటింటికీ, గుడిసె గుడిసెకూ ఆ మందు చల్లారు. రెండు మూడేళ్ళలో మలేరియా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1940ల నడుమ వెయ్యికి ముప్పై ప్రాంతాల ఉన్న మరణాల రేటు 1950 నాటికి 14కు పడిపోయింది. అదే సంవత్సరంలో జననాల రేటు దాదాపు 50. వెయ్యిమందిలో యాభైమంది పుట్టి, పద్నాలుగుమంది చనిపోతే మిగిలేది ముప్పై ఆరుమంది. జనాభా ఆ వేగంతో పెరగసాగింది. 1952 లెక్కల్లో 5 లక్షల ఒక వెయ్యిగా ఉన్న జనాభా 1962 నాటికి 6 లక్షల 82 వేలకు చేరింది. వెనుకటి నలభై మూడేళ్ళలో పెరిగిన దానికి దాదాపు నాలుగు రెట్లు ఈ పదేళ్ళలోనే పెరిగింది.

దీవిలో చెరకు తప్ప చెప్పుకోదగిన పంట లేదు. బియ్యం, గోధుమ, పప్పులు అన్నీ ఓడల్లో రావలసిందే. 1960లో జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి రెండు పెద్ద తుఫానులు వచ్చి చెరకును, వేలాది ఇళ్ళను నేలమట్టం చేశాయి. ఆ కాలంలోనే బ్రిటన్ నుంచి ఇద్దరు ప్రొఫెసర్ల నాయకత్వంలో రెండు బృందాలు వచ్చి దీవి పరిస్థితిని పరిశీలించాయి. రిచర్డ్ టిట్మస్ బృందం సాంఘిక విషయాలను, జేమ్స్ మీడ్ బృందం ఆర్థిక విషయాలను చూసింది. రెండు నివేదికలూ 1961లో అచ్చయ్యాయి. పుట్టేవారి సంఖ్య ఇలాగే ఉంటే దీవి తన ప్రజలకు తిండి పెట్టలేదని రెండూ హెచ్చరించాయి. ఈ మీడ్‌కే తరువాత 1977లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

వారి భయం వట్టిది కాదని ఒక చిన్న లెక్క చెబుతుంది. ఏటా నూటికి మూడు చొప్పున పెరిగే జనాభా సుమారు ఇరవై నాలుగేళ్ళలో రెట్టింపవుతుంది. 1962లో ఉన్న 6 లక్షల 80 వేలు 1986కు 13 లక్షల 60 వేలు కావాలి. 2010కి 27 లక్షలు దాటాలి. నిజంగా 2011 లెక్కల్లో ఆ దీవిలో ఉన్నవారు 12 లక్షల లోపే. మిగిలిన పదిహేను లక్షలమంది ఏమయ్యారు? వారు కరవుతో చనిపోలేదు. వారు పుట్టనే లేదు. 1968 మార్చి 12న దేశం స్వతంత్రమైన తరువాత కొన్ని వేలమంది ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాలకు తరలిపోయిన మాట నిజమే కాని, లక్షల తేడాకు అది కారణం కాదు.

1962లో మారిషస్ స్త్రీ సగటున ఆరుగురు బిడ్డలను కనేది. 1972 నాటికి ఆ సంఖ్య సుమారు మూడున్నర. జననాల రేటు ఆ పదేళ్ళలో 38 నుంచి 25కు దిగింది. అంత త్వరగా అంత తగ్గుదల ఆనాటికి ప్రపంచంలో కొద్దిచోట్ల మాత్రమే కనిపించింది. ఇది ఎలా జరిగింది?

దీవిలో కుటుంబ నియంత్రణ సంఘం 1957లోనే ఏర్పడింది. మొదట దానికి ఎదురుగాలి వీచింది. దీవిలో క్యాథలిక్ క్రైస్తవులు గణనీయంగా ఉన్నారు. మందులు, పరికరాలు వాడడానికి వారి చర్చి ఒప్పుకోలేదు. రాజకీయ నాయకులు కూడా ఈ మాట ఎత్తడానికి వెనుకాడారు. ఏ మతం వారు తగ్గుతారో, ఏ జాతి వారు పెరుగుతారో అన్న అనుమానం అన్నివైపులా ఉండేది. చివరకు ఒక మధ్యేమార్గం దొరికింది. 1963లో క్యాథలిక్కులు తమ మతానికి ఇబ్బంది లేని సహజ పద్ధతులను బోధించే సంస్థను వేరుగా స్థాపించుకున్నారు. ప్రభుత్వం రెండు సంస్థలకూ సహాయం చేసింది. ఏ దంపతులు ఏ దారిన పోవాలో వారి ఇష్టం. బలవంతపు ఆపరేషన్లు, జరిమానాలు అక్కడ లేవు. ఇది గమనించదగిన విషయం. ఎందుకంటే తరువాతి సంవత్సరాల్లో కొన్ని పెద్ద దేశాలు బలవంతం చేసి సాధించినదానిని ఈ చిన్న దీవి బలవంతం లేకుండానే సాధించింది.

అయితే సంఘాలు, ఆసుపత్రులు దారి చూపగలవు కాని, ఆ దారిన నడవాలన్న కోరిక ఇళ్ళలోనే పుట్టాలి. ఆ కోరిక పుట్టడానికి మొదటి కారణం పసివారు బతకడం. ఆరుగురిని కంటే ఆరుగురూ బతుకుతున్నారని తెలియడానికి తల్లులకు పది పన్నెండేళ్ళు పట్టింది. శిబిరంలోని ఒక్క గదిలో ఆరుగురు పిల్లలు పెరుగుతూ కళ్ళ ఎదుట కనిపించిన తరువాత ఏడవ కాన్పు వద్దనుకున్నారు. అందుకే మొదట తగ్గినవి ముప్పై దాటిన తల్లుల కాన్పులు.

రెండవది పెళ్ళి వయస్సు. పాత రోజుల్లో భారత సంతతి కుటుంబాల్లో ఆడపిల్లకు పదిహేను పదహారేళ్ళకే పెళ్ళి చేసేవారు. బడులు పెరిగిన కొద్దీ ఆ వయస్సు కూడా పెరిగింది. 1960ల నాటికే ప్రాథమిక పాఠశాలల్లో ఆడపిల్లలు మగపిల్లలతో దాదాపు సమానంగా చేరుతున్నారు. 1977 నుంచి ఉన్నత పాఠశాల చదువు కూడా ఉచితమైంది. ఫీజు లేకపోయేసరికి, అంతకుముందు కొడుకును చదివించి కూతురిని ఇంట ఉంచిన తండ్రులు ఇద్దరినీ బడికి పంపారు. బడిలో ఉన్న పిల్లకు పెళ్ళి చేయరు. ఇరవై దాటాక పెళ్ళయిన స్త్రీకి బిడ్డలను కనే కాలమే నాలుగైదేళ్ళు తగ్గుతుంది.

ఫ్యాక్టరీల వల్లనే జననాలు తగ్గాయని చాలా పుస్తకాల్లో ఉంటుంది. తేదీలు చూస్తే ఆ మాట పూర్తిగా నిలవదు. ఎగుమతి కోసం బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకు చట్టం వచ్చింది 1970లో. అవి నిజంగా పుంజుకున్నది 1980లలో. జననాల రేటు పెద్దగా పడిపోయింది అంతకుముందే. అయితే ఆ ఫ్యాక్టరీల్లో చేరినవారిలో ఎక్కువమంది ఆడవారే కావడం వల్ల, జీతం చేతికి వచ్చిన స్త్రీ మాటకు ఇంట్లో విలువ పెరగడం వల్ల, తగ్గిన రేటు మళ్ళీ పాత మెట్టు ఎక్కలేదు.

1972 తరువాత మాత్రం ఒక వింత కనిపించింది. జననాల రేటు దాదాపు పదేళ్ళు 25కు కాస్త అటూ ఇటూగా ఆగిపోయింది. కొన్ని సంవత్సరాల్లో కొంచెం పెరిగింది కూడా. ఇళ్ళలో పిల్లల సంఖ్య తగ్గుతూనే ఉంది కదా, మరి దేశంలో పుట్టేవారు ఎందుకు తగ్గలేదు? మొదట చెప్పిన తేడా ఇక్కడ పనికి వస్తుంది. మలేరియా పోయిన తరువాత పుట్టి, బతికి, పెరిగిన ఆడపిల్లలందరూ 1970లలో పెళ్ళి వయస్సుకు వచ్చారు. ఒక్కొక్కరు కనేది కొద్దిమందినే అయినా తల్లుల సంఖ్యే పెద్దదయింది. ఆవులు పెరిగిన మందలో ఒక్కో ఆవు పాలు తగ్గినా కడవ నిండుతుంది. అలాంటిదే ఇది.

1980ల నడుమ సంతానోత్పత్తి రేటు రెండుకు దగ్గరగా వచ్చింది. ఒక తరం స్థానంలో మరొక తరం సరిగ్గా నిలవాలంటే స్త్రీకి సగటున 2.1 బిడ్డలు కావాలి. ఇద్దరు తల్లిదండ్రులకు ఇద్దరు, మధ్యలో పోయేవారికోసం ఆ పదోవంతు. 1980ల చివర పనులు దొరికి, జీతాలు పెరిగి, పెళ్ళిళ్ళు ఎక్కువై ఆ రేటు 1990లో 2.3 దాకా ఎక్కింది. తరువాత మళ్ళీ దిగడం మొదలుపెట్టి ఇప్పటికీ దిగుతూనే ఉంది. 2000 సంవత్సరంలో సుమారు రెండు, 2010లో ఒకటిన్నర. ఇప్పుడు అంతకంటే తక్కువ.

మారిషస్ దేశానికే చెందిన రోడ్రిగ్స్ అనే మరొక దీవి తూర్పుగా 560 కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు. అక్కడి జనం చేపలు పట్టి, మెట్టపైరు వేసి బతుకుతారు, ఎక్కువమంది క్యాథలిక్కులు. ఒకే ప్రభుత్వం, ఒకే చట్టాలు ఉన్నా జననాలు అక్కడ ఆలస్యంగా తగ్గాయి, ఈనాటికీ పెద్ద దీవి కంటే ఎక్కువే. బడి, ఆసుపత్రి, ఉద్యోగం ఎప్పుడు చేరితే మార్పు అప్పుడు వస్తుంది కాని, పటం మీద ఒకే రంగు వేసినంత మాత్రాన రాదు.

1962లో మారిషస్ జనాభాలో పదిహేనేళ్ళ లోపు పిల్లలు నూటికి నలభైమందికి పైగా ఉండేవారు. 2022లో వారు నూటికి పదిహేనుమంది ప్రాంతాల ఉన్నారు. ఆ సంవత్సరం జరిగిన లెక్కల్లో దేశం మొత్తం జనాభా 12 లక్షల 35 వేలు. 2011 కంటే అది కొంచెం తక్కువ. పుట్టేవారు, చనిపోయేవారు దాదాపు సమానమయ్యారు. ఎక్కువమంది పుడుతున్నారని భయపడిన దేశంలో ఇప్పుడు తక్కువమంది పుడుతున్నారన్న చింత పట్టుకుంది. 1961 నివేదికల నాడు పదేళ్ళ పిల్లగా ఉన్న స్త్రీ ఈ రెండు భయాలనూ ఒకే జీవితంలో చూసింది.

ఆ చింతకు ఆధారం ఉంది. మారిషస్‌లో వృద్ధులందరికీ, ధనికులు బీదలు అనే తేడా లేకుండా, ప్రభుత్వం పింఛను ఇస్తుంది. పనిచేసే చేతులు తగ్గి, పింఛను అందుకునే చేతులు పెరిగితే ఖజానాకు బరువు. అందువల్ల 2025 బడ్జెట్‌లో పింఛను వయస్సును 60 నుంచి 65కు క్రమంగా పెంచడానికి ప్రభుత్వం నిర్ణయించింది. వీధుల్లో నిరసనలు జరిగాయి. అరవై ఏళ్ళు దగ్గర పడిన కూలీకి అయిదేళ్ళు ఆగమనడం చిన్న మాట కాదు. ఫ్యాక్టరీల్లో కుట్టుపనికి స్థానికులు చాలక బంగ్లాదేశ్ నుంచి, భారతదేశం నుంచి, మడగాస్కర్ నుంచి ఒప్పందం మీద మనుషులను రప్పిస్తున్నారు. ఒకనాడు కోరంగి ఓడ వచ్చిన దీవికి ఇప్పుడు కూలీలు విమానంలో వస్తున్నారు.

ఈ లెక్కలో తెలుగుకూ ఒక పద్దు ఉంది. మారిషస్ తెలుగువారు దేశ జనాభాలో నూటికి రెండు మూడు పాళ్ళు. ఇంట్లో చాలామంది మాట్లాడేది క్రియోల్ భాష. తెలుగు వారికి గుడిలో, పండుగలో, ముఖ్యంగా బడిలో దొరుకుతుంది. ప్రాథమిక పాఠశాలలో తెలుగును ఒక పాఠ్యవిషయంగా తీసుకునే వీలు ఉంది. మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో పై చదువులకు కూడా చోటు ఉంది. 1947లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ దీనికోసం ఎంతో పాటుపడింది. పెద్ద భాషకు బడిలో పిల్లలు సగానికి తగ్గితే రెండు తరగతులు ఒకటవుతాయి. చిన్న భాషకు పిల్లలు సగానికి తగ్గితే ఆ ఒక్క తరగతీ నిలుస్తుందా అన్న ప్రశ్న వస్తుంది. ఎనిమిదిమంది ఉన్న చోట నలుగురు మిగిలితే ఉపాధ్యాయుని ఆ బడిలో ఉంచడానికి అధికారులను ఒప్పించవలసి ఉంటుంది. తాతల కాలంలో అక్కడి తెలుగు కుటుంబాలు జ్వరం నుంచి పిల్లలను కాపాడుకోవడానికి కష్టపడ్డాయి. ఇప్పటి కుటుంబాలు ఉన్న ఒక్కరినో ఇద్దరినో తెలుగు తరగతికి పంపుతాయా, మరొక భాష తరగతికి పంపుతాయా అన్నది ప్రతి జనవరిలో, బడులు తెరిచే రోజున, ఇంటింటా తేలుతుంది.

ఆలోచించి రాయండి

1. జననాల రేటుకూ సంతానోత్పత్తి రేటుకూ ఉన్న తేడా ఏమిటి? 1972 తరువాత మారిషస్‌లో జరిగినదానిని ఉదాహరణగా తీసుకొని వివరించండి.

2. 1940లకు ముందు తల్లులు ఎక్కువమంది బిడ్డలను కనడానికి కారణం ఏమిటి? ఆ కారణం ఎలా తొలగిపోయింది?

3. ఫ్యాక్టరీల వల్లనే జననాలు తగ్గాయన్న మాటను ఈ పాఠం ఎందుకు పూర్తిగా ఒప్పుకోలేదు?

4. మీ అమ్మమ్మకు, మీ అమ్మకు తోబుట్టువులు ఎందరో, మీకు ఎందరో అడిగి తెలుసుకోండి. తరగతిలోని అందరి సంఖ్యలను ఒక పట్టికగా రాసి, మూడు తరాల సగటులను పోల్చండి.